ఫాల్ కుట్టిన చీర

ఆమె పేరు నేను మొట్టమొదట విన్నది మసీదు మైకులో.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. మా ఆయన పురుగుమందుల కొట్టుకు వెళ్ళిపోయాడు. నేను వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. మైకులో ఒక పేరు చదివారు. ఆమె ఇంతకాల్ అయిపోయారనీ, సాయంత్రం అసర్ నమాజు తర్వాత జనాజా లేస్తుందనీ చెప్పారు. ఎవరో పోయారు పాపం అనుకుని ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాను. కాసేపటికి పక్కింటి కోడలు గోడ మీంచి తల పెట్టి, "పిన్నీ, పికో ఆపా పోయిందంట" అంది.

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నీకు బాగా తెలుసా పిన్నీ ఆమె?" అంది ఆ పిల్ల నా మొహం చూసి.

"ఫాల్ కుట్టిద్ది, బస్టాండు వెనక. ఆమేనా?" అన్నాను.

చూశారా, నా నోరు ఎంత బాగా అలవాటు పడిందో. మా ఇంటి ఆడపిల్లను మా ఇంటికి తెచ్చిన మనిషి ఆమె. అటువంటి మనిషి పేరు నాకు తెలియదు సరే, చచ్చిపోయిందని మైకు చెప్పినా ఆమేనని పోల్చుకోలేదు సరే, కనీసం ఒక్క కన్నీటి చుక్క పెట్టుకోవడానికి కూడా అటూ ఇటూ చూసుకున్నాను.

పక్కింటి కోడలు వెళ్ళాక కారం చేతులు కడుక్కుని, బీరువా తీసి, చేతికందిన చీర ఒకటి కవర్లో పెట్టుకుని బయల్దేరాను. సగం దూరం పోయాక గాని తెలియలేదు నేనేం చేశానో. చావింటికి ఎవరైనా చీర పట్టుకుని వెళతారా? అలాగని వెనక్కీ తిరగలేదు. కవరుంటే ధైర్యంగా ఉంది. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒకటుంది చేతిలో.

ఈ చీర సంగతి తెలియాలంటే ఆమె సంగతి చెప్పాలి.

మాచర్ల బస్టాండు వెనక సందులో ఆమె కొట్టు. ఇద్దరు లోపలుంటే మూడో మనిషి మెట్టు మీద ఆగాల్సిందే. ఒక పికో మిషను, రంగురంగుల దారపు రీళ్ళు గుచ్చిన చెక్క, గోడకు అల్మరా, దాన్నిండా మడతపెట్టిన చీరలు. వెనక గదే ఇల్లు. పలచటి మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళజోడు. దారం పళ్ళతో తెంపి, ఆ ముక్కను నోట్లోనే ఒక పక్కన పెట్టుకుని మాట్లాడేది. కోపమొస్తే తిట్టేది కాదు, మిషను కింద గుడ్డ లేకుండానే పెడలు తొక్కేది. ఆ ఉత్త చప్పుడు వినపడగానే సందులోవాళ్ళు "ఆపాకి ఎవరిమీదో మండింది" అనుకునేవాళ్ళు.

మా ఊళ్ళో ఆడది గడప దాటితే ఎక్కడికని అడగనివాడు పాపాత్ముడు. అయితే ఫాల్ కుట్టించుకోవడానికి అని చెబితే ఇంకెవ్వరూ రెండో ప్రశ్న వెయ్యరు. మగవాళ్ళకు ఆ మాటే సగం అర్థం కాదు. అందుకని, కూతురు ఫోను ఎత్తడంలేదని కంగారుపడే తల్లీ, కువైట్‌లో ఇంటిపనికని పోయిన చెల్లెలు ఏమైందో తెలియని అక్కా, అందరూ ఆమె దగ్గరికి చీర పట్టుకునే వచ్చేవాళ్ళు. కష్టంలో ఉన్నప్పుడు కొత్త చీర ఎక్కడినుంచి వస్తుంది? బీరువాలో ఏది చేతికొస్తే అది. దానికి ఫాల్ ఎప్పుడో కుట్టేసే ఉంటుంది.

ఆమె చీర అందుకుని, మడత విప్పకుండానే అంచు దగ్గర బొటనవేలు పెట్టి ఒకసారి తిప్పేది. అంచు లోపల ఫాల్ పట్టీ తగలకపోతే "రేపు సాయంత్రం రామ్మా" అనేది. తగిలిందా, మిషను మీంచి లేచి షట్టరు సగానికి దించేది. "కూచో అమ్మాయ్. చెప్పు" అనేది.

నేను వెళ్ళింది మా పిల్ల కోసం. మా ఆయన చెల్లెలి కూతురు. నాకు మేనకోడలు, మా ఇంట్లోనే ఉండి ఇంటర్ చదివింది, నన్ను "అత్తా అత్తా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. తర్వాత గుంటూరులో ఒక బట్టల షాపులో చేరి హాస్టల్లో ఉండేది. ఆ హాస్టల్లో పరిచయమైన ఒకామె, పూనాలో పెద్ద షాపులో ఉద్యోగం, ఉండటానికి గది, రెట్టింపు జీతం అని చెప్పి తనతో తీసుకుపోయింది. ఆ తర్వాత పిల్ల ఫోను పలకలేదు.

అప్పుడు మేం చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? పోలీసుల దగ్గరికి పోలేదు. ఇంటిల్లిపాదీ తలుపేసుకుని కూర్చుని, ఊరికి ఏం చెప్పాలో తీర్మానం చేశాం. హైదరాబాదులో బ్యాంకు కోచింగ్ అని నిర్ణయించాం. ఆ మాట నాదే. అందరూ భలే ఉందన్నారు. ఎవరైనా అడిగితే ఏ ఏరియాలో కోచింగో, హాస్టల్లో భోజనం ఎట్టా ఉంటుందో కూడా నేనే చెప్పేదాన్ని.

ఒకరోజు పొద్దున నా ఫోనుకు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "అత్తా, నేను" అంది. అంతే, లైను తెగింది. వాళ్ళమ్మకు కాదు, నాకు చేసింది. ఆ రోజే చీర కవర్లో పెట్టుకుని ఆపా కొట్టుకు వెళ్ళాను. కనకాంబరం రంగు చీర, దానికి ఆకుపచ్చ అంచు.

ఆమె అంచు తిప్పి చూసింది. షట్టరు దించింది. నేను ఏడుస్తూ మొదలుపెట్టబోతే, "ఆగు. ముందీ కొంగు పట్టుకో" అని చీర విప్పి ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస ఆమె పట్టుకుంది. ఆమె వెనక్కి వెళితే వెనకగది గడప దాకా వచ్చింది చీర. ఇద్దరం అంచులు కలిపి మడిచాం. మళ్ళీ దగ్గరికొచ్చి మడిచాం. మడత మడతకూ దగ్గరయ్యాం. చివరికి ఆమె చేతులు నా చేతులకు తగిలేసరికి నాకు ఊపిరి కాస్త కుదుటపడింది. అందరితోనూ అంతే చేసేదని తర్వాత తెలిసింది. రెండు చేతులూ పనిలో ఉంటే మనిషి గుండెలు బాదుకోవడానికి వీలుండదు కదా.

"ఊళ్ళో ఏమని చెప్పారు?" అంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే. పిల్ల ఎక్కడికి పోయింది, ఎవరితో పోయింది అని కాదు.

కోచింగ్ సంగతి చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పానేమో.

"చానా పెద్దది చెప్పారే" అంది నోట్లో దారం ముక్క అటునుంచి ఇటు మార్చుకుని. "చిన్నది చేసుకోండి అమ్మాయ్. రేపు పిల్ల తిరిగొచ్చాక ఆ అబద్ధం మోయాల్సింది మీరు కాదు, ఆ పిల్ల. ఉద్యోగం వచ్చిందా అంటారు, పరీక్ష ఎట్టా రాశావంటారు. ఒంట్లో ఓపికుండదు, దానికి ఇదొక బరువు."

తలూపాను. చిన్నది చెయ్యలేదు. అసలు దాన్ని చిన్నది చెయ్యడం ఎట్టాగో నాకు ఇప్పటికీ తెలియదు.

పోలీసు స్టేషనుకు మాతోపాటు ఆమే వచ్చింది. మా ఆయనా, ఆడపడుచూ, నేనూ. అక్కడ రాసుకునే ఆయన ఏమైందని అడిగితే మా ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుని, "లేచిపోయింది సార్" అంది. ఆ మాట అనేటప్పుడు కన్నతల్లి తల ఎంత కిందికి పోయిందో చెప్పలేను. ఆపా చప్పున అందుకుంది.

"లేచిపోవటమేందమ్మా, అదేమన్నా పిట్టా? సార్, రాసుకోవద్దు, ఒక్క నిమిషం ఆగండి." మా ఆడపడుచు వైపు తిరిగింది. "పోయింది అన్నావంటే అది నీ పిల్ల చేసిన పని. తీసుకుపోయారు అన్నావంటే అది వాళ్ళు చేసిన పని. నువ్వు ఎవరిమీద చెప్పుకోను వచ్చావు ఇక్కడికి? నీ పిల్లమీదనా?"

మా ఆడపడుచు నోట్లోంచి ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆపా తొందరపెట్టలేదు, పక్కనే బెంచీమీద కూర్చుని చీర అంచులో లేచిన పోగును గోటితో సర్దుకుంటూ ఉంది. చివరికి "మా పిల్లని తీసుకుపోయారు సార్" అంది మా ఆడపడుచు. అన్నాక తల పైకెత్తింది. ఆ రోజునుంచి ఇంట్లో మేం ఆ మాటే వాడాం. ఇంట్లో మాత్రమే.

ఆమె ఒక్కతే కాదు, ఆమెతో ఇంకొందరు ఆడవాళ్ళుండేవాళ్ళు. గురజాల నుంచి ఒకరు, పిడుగురాళ్ళ సున్నపుబట్టీల దగ్గర్నుంచి ఒకరు. మిరపకోతలకు వచ్చే కూలీల దగ్గరికి ఆటోల్లో పోయి, పనికి తీసుకుపోతామని ఎవరైనా వస్తే ఏమేం అడగాలో ఆడపిల్లలకు చెప్పేవాళ్ళు. బస్సు కండక్టర్లూ రైల్వే స్టేషన్లో టీ అమ్మేవాళ్ళూ అనుమానం వస్తే ఆమెకే ఫోను చేసేవాళ్ళట. నరసరావుపేటలో ఏదో పెద్ద మీటింగుకు పిలిచి శాలువా కప్పితే, తిరిగొచ్చి ఆ శాలువాకు నాలుగు వైపులా పికో చేసి, విడిపించిన ఆడపిల్లల్ని ఉంచే హోంలో చలికి వణికే పిల్లకు పంపించింది. "మడిచి పెట్టుకోవటానికి నాకు బీరువా లేదు" అందట.

పిల్ల ఫోనొచ్చిన నంబరు పోలీసులకు ఆధారమైంది. కొన్నాళ్ళకు పూనాలో పోలీసులు ఒక ఇంట్లోంచి బయటికి తెచ్చిన ఆడపిల్లల్లో మా పిల్ల ఉంది. ఆపా నాకు ఫోను చేసి "దొరికింది" అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది. గుంటూరు దగ్గర హోంకు తీసుకొచ్చారని కబురొచ్చాక, నేనూ ఆమే బస్సులో వెళ్ళాం. దారంతా ఆమె కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. నాకు నిద్రేది? పిల్లను చూడగానే ఏమనాలో మనసులో చెప్పుకుంటూ పోయాను.

ఏమనాలనుకున్నానో అదేమీ అనలేదు. గుమ్మంలో పిల్ల కనపడగానే, "ఎంత పని చేశావే" అని గొల్లుమన్నాను.

పిల్ల అక్కడే ఆగిపోయింది. దగ్గరకు రాలేదు. ఎవరిదో వదులు నైటీ వేసుకుని ఉంది, ఎముకలు తేలిపోయి ఉంది, చూపు నేలమీదే ఉంది. ఆపా నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. ఊరికే అనడంలేదు, నిజంగానే నెట్టింది. సంచీలోంచి ఒక చీర తీసి, దూరం నుంచే ఒక కొస చాపి, "ఈ కొంగు పట్టుకో బేటా, మడత పోయింది" అంది. పిల్ల చాలాసేపు చూసి పట్టుకుంది. ఇద్దరూ మడిచారు. ఆపా మళ్ళీ విప్పేసి, "వంకర వచ్చింది, మళ్ళీ" అంది. మళ్ళీ మడిచారు. ఎన్నిసార్లు వంకర వచ్చిందో నాకు గుర్తులేదు. ఒకసారి చేతులు తగిలినప్పుడు పిల్ల వెనక్కి తీసుకోలేదు. చీర ఇద్దరి మధ్యలో ఉండగానే ఆపా భుజంమీద తల పెట్టేసింది.

"ఏమీ అడగొద్దు" అంది ఆపా నాతో, తిరిగొచ్చేటప్పుడు. "అన్నం తిన్నావా అని అడుగు. అంతే. చెప్పాలనుకున్నరోజు అదే చెప్పుద్ది."

ఆ హోంలో ఇంకో పిల్ల ఉంది. వాళ్ళ నాన్న గేటుదాకా వచ్చి, లోపలికి రాకుండానే తిరిగిపోయాడట. బస్సులో ఆ సంగతి చెబుతుంటే నేను ఆ తండ్రిని తిట్టిపోశాను. ఆమె వింటూ కూర్చుంది. నాకేదో చనువొచ్చేసి, "నీ సంగతేంది ఆపా? నిన్నెవరు తెచ్చారు?" అన్నాను. ఊరంతా అనుకునేదే. ఆమె కూడా చిన్నప్పుడు అట్టా పోయొచ్చిన మనిషేనని.

"నాకోసం ఎవరూ రాలా" అంది కిటికీలోంచి చూస్తూ. "నేనే వచ్చా. బస్సెక్కి." నావైపు తిరిగి, "టికెట్టు తీసుకునే వచ్చాలే" అని నవ్వింది. ఆ నవ్వుకు తోడు నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

మాచర్లలో బస్సు దిగేముందు ఆమె ఒక కట్టుబాటు చెప్పింది. అది అందరికీ చెప్పేదేనట. "ఇక నన్ను బజార్లో చూస్తే పలకరించొద్దు. నేనూ పలకరించను. ఆపా నీకెట్టా తెలుసని ఎవరన్నా అడిగితే పిల్లకు ఇబ్బంది. చీర తెచ్చావనుకో, నేను ఫాల్ కుట్టేదాన్ని. అంతే."

ఆ మాట వినగానే నా గుండెలమీంచి బండ దించినట్టయింది. సిగ్గుతో చెబుతున్నాను, పిల్ల దొరికిందన్నప్పుడు కూడా అంత తేలికపడ్డానో లేదో. కనీసం మర్యాదకైనా "అట్టా ఎందుకులే ఆపా" అనాల్సింది. అనలేదు. "నువ్వెట్టా అంటే అట్టా" అని ముందు తలుపులోంచి దిగాను. ఆమె వెనక తలుపులోంచి దిగింది.

నా చీర ఆమె కొట్లోనే ఉండిపోయింది. అటువంటి చీరలు కూడా ఆమె ఊరికే తిరిగిచ్చేది కాదు. ఉన్న ఫాల్‌ను ఒక జానెడు విప్పి, మళ్ళీ తన దారంతో కుట్టి ఇచ్చేది. "ఫాల్ కుట్టించుకొచ్చానని ఇంట్లో చెబుతారు గదా. ఆ మాట నిజం కావాలి" అనేది. మా అబద్ధాలకు కూడా ఆమె కూలి లేకుండా పనిచేసింది. చాలామంది ఆ చీరలకోసం మళ్ళీ వెళ్ళేవాళ్ళు కాదు. ఏడాది చూసి, వాటిని కట్టుకోవడానికి గుడ్డ లేకుండా వచ్చిన పిల్లలకు పంపేసేది. నేనూ వెళ్ళలేదు. ఒక చీర పోతే పోయిందిలే అనుకున్నాను.

పిల్ల మెల్లగా కోలుకుంది. మా ఊళ్ళో కాకుండా దాచేపల్లిలో ఒక స్కూల్లో చిన్న ఉద్యోగంలో చేరింది. అక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి ఇష్టపడి అడిగాడు. పెళ్ళిచూపుల్లో వియ్యపురాలు "ఇంటర్ తర్వాత ఏం చేసిందమ్మా?" అని అడిగితే నేను ఠక్కున అందుకున్నాను. హైదరాబాదు, బ్యాంకు కోచింగ్, పరీక్ష తప్పింది ఒక్క మార్కులో. పిల్ల నావైపు చూసింది. సిగ్గుపడుతోందనుకున్నాను.

పెళ్ళిబట్టలకు వియ్యపురాలితో కలిసి బజారుకు వెళ్ళినరోజు, ఇరుకు సందులో ఆపా ఎదురైంది. చేతిలో దారపు రీళ్ళ సంచీ. మా చేతుల్లో ఆ సంచులూ ఈ సంచులూ, దారి చాలదు. ఆమె మమ్మల్ని చూసి, చూడనట్టే, మురుగుకాలవ అంచుదాకా జరిగి నిలబడి దారిచ్చింది. ఆమె పక్కనుంచే పోయాను, నా కొంగు ఆమె సంచీకి రాసుకుంది. వియ్యపురాలు అటు ఒకసారి చూసింది, ఏమీ అనలేదు. నాలో నేను, "కట్టుబాటు ప్రకారమేగా" అనుకున్నాను. ఇంటికొచ్చి పెళ్ళిపిలుపుల దగ్గర కూర్చున్నప్పుడు కూడా అదే అనుకున్నాను. బొట్టుపెట్టి పిలవడానికి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. ఆ సందు మొదట్లో గాజుల కొట్టామెను కూడా పిలిచాను. పక్కనున్న షట్టరు వైపు తల తిప్పలేదు.

ఆ తర్వాత కూడా ఎన్నిసార్లు ఎదురైందో. ప్రతిసారీ ఆమే పక్కకు తప్పుకునేది. అది ఆమె పద్ధతి అని నేను సుఖంగా నడిచిపోయాను.

ఇక ఆ సాయంత్రం సంగతి. కవరు పట్టుకుని సందు మొదటికి చేరేసరికి కొట్టు ముందు కొద్దిమంది మగవాళ్ళున్నారు, లోపల వాళ్ళ చుట్టపు ఆడవాళ్ళు. నేను గాజుల కొట్టు దగ్గర ఆగిపోయాను. గాజులు చూస్తున్నట్టు నిలబడ్డాను. అప్పుడు కనపడింది నాకు. ఎదురుగా కూల్‌డ్రింకు కొట్టు నీడలో ఒకామె, చేతిలో కవరు. కవర్లోంచి చీర అంచు కనపడుతోంది. ఆ వెనక ఇంకో ఇద్దరు, వాళ్ళ చేతుల్లోనూ కవర్లే. సందులోకి ఒకామె మెల్లగా నడిచి, గుమ్మందాకా పోయి, ఆగకుండా అటువైపుగా వెళ్ళిపోయింది. ఆమె సంకలోనూ కవరే. నేనొక్కదాన్నే తెలివితక్కువగా చీర తెచ్చాననుకున్నాను. ఒకరి కవరు ఒకరం చూసుకున్నాం. అర్థమైంది. వెంటనే చూపులు తిప్పుకున్నాం. గడప మాత్రం ఎవరమూ ఎక్కలేదు.

ఆపా పోయిన సంగతి పొద్దునే తెలిసిందేమో, మా పిల్ల నాకు ఫోను చేసి ఉంది, నేను చూసుకోలేదు. అక్కడ నిలబడే దానికి చేశాను. "అత్తా, బస్టాండులో దిగాం, వస్తున్నాం" అంది.

"వద్దే తల్లీ" అన్నాను గొంతు తగ్గించి. "జనం చూస్తారు. మీ ఆయన కూడా ఉన్నాడా? ఏదో ఒకటి చెప్పి ఇంటికి తీసుకురా, నేనూ వస్తున్నా."

ఫోను పెట్టేసింది. కాసేపటికి ఇద్దరూ సందులోకి వచ్చారు. పిల్ల చేతిలో ఏమీ లేదు. ఉత్తచేతులతో, నా ముందునుంచే, ఆ కవర్లన్నిటి ముందునుంచీ నడిచిపోయి గడప ఎక్కింది. లోపల్నుంచి దాని ఏడుపు వినపడింది. దాచుకునే ఏడుపు కాదు. జనాజా లేచినప్పుడు మా అల్లుడు కూడా వెళ్ళి భుజం పట్టాడు. మగవాళ్ళు అటు వెళ్ళిపోయాక పిల్ల గుమ్మంలోకి వచ్చి, "అత్తా, ఎండలో ఎంతసేపుంటావ్, లోపలికి రా" అంది. మెట్టెక్కాను. ఇన్నేళ్ళకు.

"మీ ఆయనకేం చెప్పావే?" అన్నాను. మొదటగా నేనడిగింది అదే. ఆపా కూడా నన్ను మొదట అడిగింది అటువంటిదే, కానీ ఎంత తేడా.

"ఏం చెప్పాలత్తా? ఆయనకు తెలుసు. పెళ్ళికి ముందే చెప్పా. ఇక్కడే, ఈ కొట్లోనే. ఆపా ఒక కొంగు ఆయన చేతికిచ్చింది, ఒక కొంగు నా చేతికిచ్చింది. మడత అయ్యేలోపల చెప్పేశా."

"మీ అత్తగారికి?"

"ఆమెకూ తెలుసు. ఆపా దగ్గరకు నాలుగైదుసార్లు వచ్చింది కూడా."

నాకు బజారులో వియ్యపురాలి చూపు గుర్తొచ్చింది. ఆమె ఆపాను గుర్తుపట్టింది. నన్ను చూసి ఊరుకుంది.

"మరి నాకెందుకు చెప్పలా?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఆ కోచింగ్ సంగతి అంత బాగా చెబుతుంటే, మధ్యలో ఎట్టా చెప్పేదత్తా?"

కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను. అక్కడ మిషను ముందు స్టూలు ఒక్కటే ఉంది, దానిమీద కూర్చోబుద్ధి కాలేదు. పిల్లకు సంబంధించిన వాళ్ళందరికీ ఎప్పుడో తెలుసు. ఇంకా దాచుకుంటూ మిగిలింది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆపాకు తెలుసు. తెలిసే, ఇన్నేళ్ళూ నేను ఎదురైనప్పుడల్లా కాలవ అంచుదాకా జరిగి నిలబడింది. ఆమె పక్కకు తప్పుకున్నది పిల్లకోసం కాదు. నాకోసం.

పిల్ల అల్మరాలో వెతికి ఒక చీర తీసింది. కనకాంబరం రంగు, ఆకుపచ్చ అంచు.

"మిగతావన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. దీన్ని మాత్రం ఇవ్వలేదు. నేను అడిగితే, ఉండనీ బేటా, మీ అత్త వచ్చి తీసుకుంటదిలే అనేది. పట్టుకో, మడతలు చెదిరినయ్."

ఒక కొస నా చేతికిచ్చి తను వెనక్కి నడిచింది. ఇరుకు కొట్టు, నేను గుమ్మందాకా జరగాల్సొచ్చింది. వీధంతా చూస్తోంది. అంచు వెంట వేళ్ళు పోనిస్తే ఒకచోట తగిలింది, జానెడు మేర కుట్టు. ముందరి దారం వెలిసిపోయింది, ఆ జానెడు మాత్రం పచ్చగా, సన్నగా, దగ్గర దగ్గరగా ఉంది. నా అబద్ధాన్ని నిజం చేసి పెట్టి ఉంచింది. వచ్చి తీసుకోవడమే నాకు మిగిలిన పని.

మడుస్తూ దగ్గరకొస్తున్నాం. గాజుల కొట్టామె వచ్చి మెట్టు దగ్గర నిలబడింది. మనిషి మంచిదే, దుఃఖం పంచుకుందామనే వచ్చింది. "ఏమమ్మా, ఆపా మీకేమవుద్ది?" అంది.

పిల్ల నావైపు చూసింది. జవాబు తనే చెప్పగలదు. చెప్పలేదు. నాకు వదిలిపెట్టింది.

నోరు తెరిచాను. "చీర... ఫాల్‌కిచ్చా. తీసుకుపోదామని వచ్చా."

గాజులామె తలూపి వెళ్ళిపోయింది. పిల్ల నా చేతుల్లోంచి రెండు కొసలూ తీసుకుని ఆఖరి మడత తనే పెట్టింది. నేను తెచ్చిన కవర్లోనే, నేను తెచ్చిన చీరమీదే దాన్ని పెట్టి, కవరు నా చేతికిచ్చింది.

"సరే అత్తా. తీసుకుపో" అంది.

పిల్ల అక్కడే ఉండిపోయింది. నేను కవరు పట్టుకుని ఇంటికి వచ్చాను. దారిలో తెలిసినవాళ్ళు చాలామంది ఎదురయ్యారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఫాల్ కుట్టించుకుని వస్తున్నాననుకుని ఉంటారు.